వెదురు చుక్క

తెలంగాణమునకు పడమటి యంచున, మహారాష్ట్రపు పొలిమేరకు చేరువగా డోంగ్లి యను గ్రామము కలదు. బాన్సువాడ ప్రాంతమునకు చెందిన యీ యూరు పూర్వము మద్నూరు మండలములో నుండి, నేడు తానే యొక మండలమునకు కేంద్రమైనది. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీకి పూర్వము ఇచటి తెలుగువారును, ఆవలి మరాఠీవారును, దక్షిణపు కన్నడమువారును హైదరాబాదు రాష్ట్రమను ఒకే గొడుగు క్రింద నుండిరి. భాషలను బట్టి రాష్ట్రములు ఏర్పడిన పిమ్మట పటములో గీత పడినది గాని, మాటలలో పడలేదు. అంగడిలో బేరము తెలుగున మొదలై మరాఠీలో ముగియుట ఇచట వింత గాదు.

డిసెంబరు నెల వచ్చునప్పటికి ఆ నల్లరేగడి నేలలు రెండు రంగులు దాల్చును. ఒక ప్రక్క ప్రత్తిచేలు తెల్లగా విచ్చి యుండును. మరియొక ప్రక్క కంకులు కోసిన జొన్నచేలలో ఎండిన చొప్ప కట్టలు కట్టలుగా నిలిచి యుండును. తెల్లవారుజామున వీచు చలిగాలికి వృద్ధులు నెగడి చుట్టును చేరి చేతులు కాచుకొందురు. హిందువుల వాకిళ్లలో ధనుర్మాసపు ముగ్గులు విరియును. ఆ నెలలోనే క్రైస్తవుల యిండ్లపై కాగితపు నక్షత్రములు వెలుగును. ఒకే వీధిలో ముగ్గును నక్షత్రమును ఇరుగుపొరుగులై యుండుట ఈ ప్రాంతపు బిడ్డలు పుట్టుకతో నెరిగిన సంగతి.

కొన్ని యేండ్ల క్రిందట ఆ యూర ఒక చిన్న రైతు యింటిలో జరిగిన సంగతి యిది. అవ్వ, ఆమె కుమారుడు, కోడలు, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు, ఆమెకంటె మూడేండ్లు చిన్నవాడైన మనుమడు, ఈ యైదుగురును ఆ యింటివారు. అవ్వ తాతల కాలమున మెదకు, నిజామాబాదు ప్రాంతములకు వచ్చిన వెస్లియను మిషనువారి వలన ఆ కుటుంబము క్రైస్తవ మతమును స్వీకరించెను. అవ్వ పదియేండ్ల పిల్లగా నున్నప్పుడు తండ్రి చేయి పట్టుకొని మెదకు చర్చిని చూచివచ్చెను. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మతగురువు, కరవు కాలమున ప్రజలకు పని కల్పించుచు కట్టించిన ఆ ఆలయము 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడినది. అందలి రంగుటద్దముల కిటికీలలో ఒకదానియందు క్రీస్తు జననదృశ్యము కలదు. వెలుపలి ఎండ సోకినప్పుడు ఆ చిత్రము వెలుగుచుండును. "ఎండ లేనిచో ఆ బొమ్మ లేదు, ఎండ రాగానే తల్లియు బిడ్డయు లేచి కూర్చుందురు" అని అవ్వ పలుమారులు చెప్పుచుండెడిది. ఆమెకు అక్షరములు రావు. ఆమె చదివిన గ్రంథము ఆ కిటికీ యొక్కటే.

ఆ యేడు క్రిస్మసు పండుగకు పదునైదు దినములు ముందు మనుమరాలు బడినుండి యొక బొమ్మల పుస్తకమును తెచ్చెను. ఉపాధ్యాయురాలు తన సొంత పుస్తకమును పండుగ ముగియువరకు ఉంచుకొమ్మని ఇచ్చెను. అది చలిదేశమున నెచటనో అచ్చయిన పుస్తకము. అందు కథ స్వల్పము, చిత్రములు అనేకము. ఒక పుటలో తండ్రియు కుమారుడును కొయ్యముక్కలను చెక్కి పశువులశాలను కట్టుచుందురు. మరియొక పుటలో తల్లి కాగితమును మడిచి కత్తిరించుచుండగా కూతురు దానికి దారము కట్టుచుండును. ఇంకొక పుటలో ముసలితాత పిండిముద్దతో గొఱ్ఱెపిల్లలను చేయుచుండును. బయట మోకాలిలోతు మంచు, లోపల పొయ్యిలో మంట, మూలను దేవదారు చెట్టు, దాని కొమ్మలకు రంగురంగుల గాజుగోళములు. కడపటి పుటలలో ఈ వస్తువులనెల్ల చేయు విధము అంకెలు వేసి చూపబడి యుండెను.

పిల్లలకు మాటతోపాటు బొమ్మను కూడ చూపవలెనను తలంపు క్రొత్తది గాదు. 1658వ సంవత్సరమున కొమేనియస్ అను విద్యావేత్త జర్మనీ దేశపు న్యూరెంబర్గు నగరమున, కంటికి కనబడు ప్రపంచమును చిత్రములలో చూపు ఒక పుస్తకమును ప్రకటించెను. పిల్లలకొరకు అచ్చయిన బొమ్మల పుస్తకములలో దానిని మొదటిదానిగా అనేకులు గణింతురు. అందు రొట్టెలు కాల్చువాడు, వడ్రంగి, కమ్మరి మొదలైన వారు తమ పనిముట్లతో కనబడుదురు. ఇంద్రియములకు అందిన విషయమే మనస్సున నిలుచునని ఆయన నమ్మెను. కాని కన్ను చూచిన దానికిని చేయి చేయగల దానికిని నడుమ ఒక అగడ్త కలదు. డోంగ్లిలోని ఆ యింటివారికి దానిని దాటుటయే కష్టమాయెను.

మనుమరాలు ఒక కాగితముపై కావలసిన వస్తువుల పట్టిక వ్రాసెను. దేవదారు చెట్టు వంటి ప్లాస్టికు చెట్టు, గాజుగోళములు, మెరుపుకాగితము, రంగుటట్టలు, మంచువలె చల్లు తెల్లని పొడి, ఒక పెద్ద నక్షత్రము. బాన్సువాడ అంగళ్లలో చూచిన ధరలను ప్రక్కనే వేసి కూడెను. వచ్చిన మొత్తమును చూచి భయపడెను. ఆ యేడు ప్రత్తి విచ్చిన వేళ వాన పడుటచే దూది రంగు మారియుండెను. దానికి రావలసిన ధర రాదని పెద్దలు తగ్గుగొంతుతో చెప్పుకొనుటను ఆమె వినియుండెను. అందుచే పట్టికను మడిచి పుస్తకములో దాచెను.

తమ్మునికి ఆ యెఱుక లేదు. రాత్రి భోజనముల వేళ వాడు పుస్తకమును తెచ్చి తండ్రి ముందు తెరచి, "బాపూ, మనకు ఈ చెట్టు ఎప్పుడు తెత్తువు? మన యూర మంచు లేదు గదా, అది కూడ అంగడిలో దొరకునా?" అని యడిగెను. పుటల నడుమనుండి పట్టిక జారి క్రింద పడెను. తండ్రి దానిని తీసి చదివెను. అడుగున వ్రాసిన మొత్తమును రెండు మారులు చూచెను. మరల మడతలమీదనే మడిచి కూతురి చేతికిచ్చి, "ఈ యేడు కాదు బిడ్డా" అని లేచి పశువుల కొట్టమువైపు వెడలిపోయెను. పళ్లెములో సగము జొన్నరొట్టె మిగిలిపోయెను.

ఆ రొట్టెను చూచి మనుమరాలికి దుఃఖము పొరలివచ్చెను. కోరినది దొరకదని ఆమె ముందే యెరుగును. కోరిన సంగతి తండ్రికి తెలిసినదే యని ఆమె బాధ. "ఈ పుస్తకమును తేకున్న బాగుండెడిది. రేపే తిరిగి యిచ్చివేయుదును" అని మోకాళ్లలో ముఖము దాచుకొనెను.

అవ్వ ఏమియు ననక పుస్తకమును తన యొడిలోనికి తీసికొనెను. కంటిచూపు మందగించియుండుటచే బల్బు వెలుగునకు దగ్గరగా జరిగి ఒక్కొక్క పుటనే త్రిప్పెను. చదువు వచ్చిన పిల్లలు ఆ చిత్రములలోని యింటిని చూచియుండిరి. అవ్వ ఆ చిత్రములలోని చేతులను చూచెను.

"ఈ చెట్టును వీరు అంగడిలో కొనిరా?" అని యడిగెను.

"లేదవ్వా. తండ్రి అడవికి పోయి కొట్టి తెచ్చినట్లు వ్రాసినారు."

"ఈ కొయ్య?"

"వంటకు తెచ్చిన కట్టెలలోనిది."

"మరి ఈ మంచు?"

"అది వారి వాకిట పడినది."

అవ్వ పుస్తకమును మూసెను. "వీరు తమ వాకిట నున్న దానితోనే చేసికొన్నారు గదా! వారి వాకిటి వస్తువులను నీవు మన బజారులో వెదకుచున్నావు. మన వాకిట నేమున్నదో చూచితివా?" అని మనుమరాలి తల నిమిరెను.

మరునాటి యుదయమున అవ్వ, పశువుల మేతకై వేసిన చొప్పలోనుండి బాగుగా ఎండిన జొన్నదంట్లను మనుమనిచేత ఏరించి తెప్పించెను. మెట్టపంటల పల్లెలలో పెరిగిన వృద్ధులకు జొన్నబెండు బొమ్మలు తెలియనివి గావు. దంటుపై నున్న గట్టి తొడుగును చీల్చినచో సన్నని పేళ్లు వచ్చును. లోపల తెల్లని, తేలికయైన, మెత్తని బెండు మిగులును. బెండు ముక్కలు బొమ్మకు దేహము, పేళ్లు మేకులు. పేడు కొనను బెండులో గ్రుచ్చినచో అది లోనికి దిగి గట్టిగా పట్టుకొనును. జిగురు అక్కరలేదు, ఇనుపమేకు అక్కరలేదు. కాని పేడు అంచు కత్తివలె నుండును. అజాగ్రత్తగా లాగినచో వ్రేలు తెగును. ఒకే మొక్క దేహమును, దానిని కూర్చు మేకును గూడ ఇచ్చుట చూచి మనుమరాలు ఆశ్చర్యపడెను.

అవ్వ పొడవైన బెండు ముక్కకు నాలుగు పేళ్లు గ్రుచ్చి నిలబెట్టెను. ముందు భాగమున చిన్న ముక్కను తలగా అమర్చెను. వంచిన రెండు పేళ్లు కొమ్ములాయెను. వీపుపై మరియొక చిన్న ముక్కను ఉంచగా అది మూపురమాయెను.

"అవ్వా, పుస్తకములోని యెద్దునకు ఇది లేదు" అని మనుమడు పుట తెరచి చూపెను.

"వారి యెద్దునకు లేదేమో. మన యెద్దునకు కలదు" అని అవ్వ బదులు చెప్పెను.

మధ్యాహ్నము చేనినుండి వచ్చిన తండ్రి గడపకడ నిలిచి ఆ యెద్దును చూచెను. చిన్ననాడు తల్లి తనకు అట్టి యెద్దులనే చేసి, బెండుబండికి పూన్చి యిచ్చిన సంగతి ఆయనకు జ్ఞప్తికి వచ్చెను. కాళ్లు కడుగుకొనుట మరచి చాపపై కూర్చుండి, "అమ్మా, దీనికి జత యెద్దేది? కాడి యేది? నీవు నాకు చేసిన కాడికి రెండు ప్రక్కలను చీలలు కూడ ఉండెడివి" అని ఒక పేడును చేతికి తీసికొనెను. వారము దినములుగా ప్రత్తి ధర తప్ప వేరు మాట లేని యింటిలో ఆ మాట క్రొత్తగా వినిపించెను.

మూడు సాయంకాలములలో పశువులశాల సిద్ధమాయెను. దంట్లను వరుసగా కూర్చి తండ్రి గోడలు నిలిపెను. ఎండిన జొన్నాకులు పైకప్పు లాయెను. తల్లి నల్లమట్టిని పిసికి మరియమ్మను, యోసేపును, పసిబిడ్డను చేసెను. మరియమ్మకు తలమీద కొంగు కప్పెను. యోసేపునకు తలపాగా చుట్టెను. గొఱ్ఱెలకు మనుమడు ఆవగింజలను కన్నులుగా పెట్టెను. పగిలిన మట్టిమూకుడు పశువుల తొట్టి యాయెను. ఇక మంచు యొక్కటి మిగిలెను.

వానకు రంగు మారినందున అమ్మకమునకు పనికిరాదని ప్రక్కన నుంచిన ప్రత్తిని అవ్వ చూపెను. తల్లియు కూతురును కూర్చుండి గింజలు తీసి, దూదిని వ్రేళ్లతో విడదీసి పలుచగా చేసిరి. ఆ దూది పుస్తకములోని మంచువలె తెల్లగా లేదు. ఇంచుక పసుపుపారి యుండెను. తండ్రి దానిని ఒక నిమిషము చేతిలో నుంచుకొని చూచి, తానే శాలకప్పుపై పరచెను. ధర రాని పంట పండుగకు పనికివచ్చెను.

ఇచట ఒక విశేషమును గమనింపవలెను. క్రీస్తు జననమును చెప్పు సువార్తలలో మంచు ప్రసక్తి లేదు. లూకా పశువుల తొట్టిని పేర్కొనెను గాని, ఎద్దును గాడిదను పేర్కొనలేదు. మత్తయి తూర్పుదేశపు జ్ఞానులను చెప్పెను గాని, వారు ముగ్గురని చెప్పలేదు. బేత్లెహేము పాలస్తీనాలోని కొండలపై నున్న ఊరు. అచట మంచు కురియుట అరుదు. పుస్తకములలోని మంచు ఉత్తర ఐరోపా చిత్రకారుల వాకిళ్లనుండి వచ్చినది. పీటర్ బ్రూగెల్ అను చిత్రకారుడు, మరియయు యోసేపును జనాభా లెక్కలలో పేరు వ్రాయించుకొనుటకు బేత్లెహేమునకు వచ్చిన ఘట్టమును 1566వ సంవత్సరమున చిత్రించెను. ఆయన చూపిన బేత్లెహేము మంచు కప్పిన తన దేశపు పల్లెయే. అచట నీరు గడ్డకట్టి యుండును. పిల్లలు దానిపై జారి యాడుచుందురు. అంతకు ఎంతో పూర్వము, 1223వ సంవత్సరమున, అస్సీసీ ఫ్రాన్సిసు అను సాధువు ఇటలీలోని గ్రెచ్చో యను కొండపల్లెలో గడ్డి నింపిన తొట్టిని, సజీవమైన ఎద్దును, గాడిదను నిలిపి పండుగ జరిపెను. క్రిస్మసునాడు పశువులశాలను అమర్చు ఆచారము వ్యాపించుటకు అది ముఖ్య కారణమని చెప్పుదురు. మన దేశమున జామినీ రాయ్ అను వంగ చిత్రకారుడు క్రీస్తు కథను వంగదేశపు పల్లెపటముల రీతిని చిత్రించెను. ఈ కథను చెప్పిన ప్రతి జాతియు తన వాకిటి వస్తువులతోనే చెప్పినది. కావున డోంగ్లిలో మూపురమున్న యెద్దు తొట్టికడ నిలుచుట తప్పు గాదు. ఈ చరిత్ర అవ్వకు తెలియదు. ఆమె చేతులు దానిని తెలిసినట్లే పనిచేసెను.

నక్షత్రము చేయుట అంత సులభము గాలేదు. దానికి వెదురు కావలెను. పొరుగింట ఒక మరాఠీ వృద్ధుడు ఉండెను. ఆయన ప్రతి దీపావళికిని వెదురుబద్దలతోను కాగితముతోను ఆకాశకందీలు చేసి యింటిముందు వ్రేలాడదీయును. పిల్లలు ఆయనను కాకా యని పిలుతురు. మనుమరాలు పోయి, "కాకా, మీ కందీలు చేయగా మిగిలిన బద్దలున్నవా?" అని యడుగగా, ఆయన అటుకమీదనుండి ఒక కట్ట దింపి, "కందీలైన నేమి, మీ చుక్క యైన నేమి తల్లీ! కాగితములో దీపము నుంచుటయే గదా" అని చెప్పి, తానును వచ్చి అరుగుమీద కూర్చుండెను.

వెదురు నక్షత్రమునకు సమానమైన పొడవు గల పది బద్దలు కావలెను. అయిదింటితో ఒక నక్షత్రము, అయిదింటితో మరియొక నక్షత్రము కట్టవలెను. రెంటిని ఒకదానిపై నొకటి యుంచి, అయిదు కొనలను జతగా బంధింపవలెను. నడుమ బద్దలు ఒకదాని నొకటి దాటు అయిదు చోట్ల చిన్న పుల్లలను నిలుపగా రెండు నక్షత్రములును ఎడమై, లోపల దీపమునకు చోటు కలుగును. మొదటిసారి కట్టినప్పుడు నక్షత్రము ఒక ప్రక్కకు ఒరిగిపోయెను. మనుమరాలు తన రేఖాగణితపు పెట్టెలోని కోణమానినిని తెచ్చి కొనలను కొలిచెను. అయిదు కొనలు గల సమనక్షత్రమున ఒక్కొక్క కొన 36 డిగ్రీలుండును. అయిదును కూడినచో 180 డిగ్రీలు. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము కూడ అంతియే. బడిలో నల్లబల్లపై చూచిన ఆ సంఖ్య వెదురులో దొరకుటచే ఆమె ముఖము వికసించెను.

ఇట్లు నక్షత్రము చేయుచు గణితము నేర్చుటకు పూర్వోదాహరణము కలదు. జర్మనీలోని నీస్కీ యను ఊర, మొరేవియను క్రైస్తవ సంఘమువారి బాలుర పాఠశాలలో, 1830 తరువాతి సంవత్సరములలో, రేఖాగణిత పాఠమునకై కాగితపు నక్షత్రములను చేయించిరని చెప్పుదురు. ఆ నక్షత్రములు తరువాత అనేక దేశములకు వ్యాపించెను. బొమ్మల పుస్తకమును వ్రాసిన కొమేనియస్ ఆ సంఘమునకు మూలమైన సోదర సంఘమున బిషపుగా నుండెను. బొమ్మల పుస్తకమును, చేతితో చేసిన నక్షత్రమును ఒకే పరంపరలో పుట్టుట చిత్రము.

బద్దలను బంధించుపని అవ్వది. పందిళ్లు కట్టి అలవాటైన చేతులవి. మొదటి రెండు ముడులు బాగుగా పడెను. మూడవ ముడికడ దారము జారెను. మరల చుట్టెను; మరల జారెను. అవ్వ తన కుడిచేతిని కొంగులో దాచుకొని, "దారము మంచిది గాదు" అనెను. దారము మంచిదే. ఆమె చేయి వణకుచుండుటను మనుమరాలు చూచెను. కొన్ని నెలలుగా అవ్వ సూదిలో దారము ఎక్కింపుమని తననే అడుగుచుండుట ఆమెకు అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. ఆ సంగతి ఎత్తక, "అవ్వా, ముడి నేను వేయుదును. ఎట్లు వేయవలెనో నీవు చెప్పుము" అనెను.

అవ్వ చెప్పసాగెను. "ముందు అడ్డముగా మూడు చుట్లు. తరువాత నిలువుగా మూడు చుట్లు. ఇక రెండు బద్దల నడుమనుండి ఒక చుట్టు లాగుము. ఆ చుట్టే మిగిలిన వానిని బిగించును. ఇప్పుడు ముడి." మనుమరాలు విప్పి కట్టి, విప్పి కట్టి, అయిదవసారికి కదలని ముడి వేసెను. అవ్వ దానిని వ్రేలితో తట్టి చూచి, "ఇది నా ముడియే" అనెను.

ఎఱ్ఱని కాగితము కొనుటకు తల్లి తన డబ్బాలోని చిల్లర యిచ్చెను. పిండి ఉడికించిన జిగురుతో కాగితము అతికి, పండుగకు మూడు దినములు ముందు నక్షత్రమును ఆరుటకై వసారాలో కట్టిరి. మరునాడు తండ్రి తీగ లాగి బల్బు పెట్టవలెను. మనుమనికి అంతవరకు ఓపిక పట్టలేదు. చీకటి పడగానే, ఎట్లుండునో చూతమని, వాడు ఒక క్రొవ్వొత్తిని వెలిగించి లోపల నుంచెను. ఒక క్షణము నక్షత్రము ఎఱ్ఱగా వెలిగెను. మరుక్షణమున గాలి వీచి కాగితమునకు నిప్పు అంటుకొనెను. వసారా ప్రక్కనే చొప్పకట్టలు ఉండెను. తల్లి కేక విని తండ్రి పరుగున వచ్చి, మండుచున్న నక్షత్రమును నేలకు లాగి, గోనెసంచితో కొట్టి, బిందెడు నీళ్లు గ్రుమ్మరించెను. చొప్పకు నిప్పు సోకలేదు. కాని నేలపై నల్లని బూడిదయు, తడిసిన వెదురుబద్దలును మిగిలెను.

మనుమడు పశువుల కొట్టములో దాగెను. తండ్రి కోపముతో అటు నడువగా అవ్వ అడ్డము వచ్చి, "ముందు వాని చేయి కాలినదేమో చూడుము. తరువాత కోపపడుము" అనెను. చేయి కాలలేదు. వానిని వెలుపలికి తెచ్చి, తల్లి కౌగిలించుకొని ఏడ్చెను. ఆ మీదట తండ్రికి కోపపడుటకు నోరు రాలేదు. అవ్వ నేలపై కూర్చుండి బూడిదను ప్రక్కకు త్రోసి బద్దలను ఒక్కొక్కటిగా తడవి చూచెను. ఒక కొన మాత్రము నాలుగంగుళములు మాడిపోయెను. ముడులలో మూడు తెగిపోయెను, మిగిలినవి కదలలేదు. "ఎముకలు నిలిచినవి. చర్మము మరల తొడుగవచ్చును. మాడిన దారము వాడే విప్పవలెను" అనెను.

కాగితము కొనుటకు మరల చిల్లర లేదు. తల్లి పెట్టె తెరచి చిరుగులు పట్టిన తన పాత ఎఱ్ఱచీరను తెచ్చెను. పలుచనైన ఆ గుడ్డను బద్దలపై లాగి జిగురుతో అంటించిరి. మాడిన కొనను కత్తిరించుటచే నక్షత్రమునకు ఒక చేయి పొట్టిదాయెను. తెగిన ముడులను మనుమరాలు అవ్వను అడుగకయే మరల వేసెను. తండ్రి వేడి తక్కువగా నుండు చిన్న ఎల్.ఇ.డి. బల్బును గుడ్డకు తగులకుండ లోపల బిగించెను. నిప్పు విషయమున ఆ యింటిలో మరల ఎవరికిని చెప్పనక్కరలేకపోయెను.

క్రిస్మసు ముందటి రాత్రి ఆ నక్షత్రమును వాకిటి వేపచెట్టు కొమ్మకు కట్టిరి. దాని క్రింద పీటపై పశువులశాలను ఉంచిరి. తల్లి చుట్టును బంతిపూలను వరుసలుగా పేర్చెను. తెలంగాణపు స్త్రీలకు పూలను వరుసలుగా పేర్చుట బతుకమ్మనాడు పట్టుబడిన విద్య. తండ్రి మీట నొక్కగానే పాతచీర నేతలోని ప్రతి పోగును వెలిగెను. వీధిలోని పిల్లలు గుంపుగా చేరి మూపురముల యెద్దులను, ఆవగింజల కన్నుల గొఱ్ఱెలను, పసుపుపారిన మంచును చూచి, "ఇది యెట్లు చేసినారు? మాకును చూపుదురా?" అని అడుగసాగిరి. ఎవ్వరును అది యే అంగడిలో కొన్నదని అడుగలేదు. కాకా చాలసేపు తల యెత్తి చూచి, "ఒక చేయి పొట్టిగా నున్నదే!" అనెను. మనుమడు తల వంచుకొనెను. అవ్వ వాని భుజముపై చేయి వేసి, ఎఱ్ఱని వెలుగువైపు చూచుచు, "మెదకు కిటికీ యిట్లే యుండెడిది. వెనుక వెలుగున్నగాని బొమ్మ లేవదు" అనెను.

చేతిపని వలన చదువు బలపడునని పెద్దలు ఏనాడో చెప్పిరి. 1937వ సంవత్సరము అక్టోబరు నెలలో వార్ధాలో జరిగిన విద్యాసభయందు గాంధీమహాత్ముడు, బాలుర విద్య ఒక చేతివృత్తిని కేంద్రముగా చేసికొని సాగవలెనని ప్రతిపాదించెను. ఆ పద్ధతి బడులలో ఎంతవరకు నిలిచినను, దానిలోని సత్యము ప్రతి యింటిలోను పరీక్షకు నిలుచును. కొన్న వస్తువు ఇంటికి వచ్చిన నాటినుండి పాతబడును. కలిసి చేసిన వస్తువులో చేసినవారి మాటలు, తప్పులు, మన్నింపులు కూడ కలిసియుండును. డోంగ్లిలోని ఆ నక్షత్రములో తల్లి చీర యున్నది, పొరుగువాని వెదురున్నది, అవ్వ ముడి మనుమరాలి చేతికి వచ్చియున్నది. అవ్వ చేయి వణకిన దినమున ఆ ముడిని నేర్చుకొనువారు లేకున్నచో అది ఆమెతోనే ముగిసియుండెడిది.

పండుగ గడచిన పిదప మనుమరాలు పుస్తకమును ఉపాధ్యాయురాలికి తిరిగి యిచ్చెను. అందులో మడిచిన కాగితమొకటి యుండెను. ఒక వైపున వస్తువుల పట్టికయు, ధరలును, అడుగున మొత్తమును ఉండెను. వాని నన్నిటిని అడ్డముగా ఒక గీత గీచి కొట్టివేసియుండెను. రెండవ వైపున, పుస్తకములో నున్నట్లే అంకెలు వేసి, జొన్నబెండు ఎద్దును చేయు విధము, దూదితో మంచు చేయు విధము, జారని ముడిని వేయు విధము వ్రాసియుండెను. కడపటి అంకె యెదుట "లోపల క్రొవ్వొత్తి ఉంచరాదు" అని తమ్ముని వంకర యక్షరములు కనబడెను. ఉపాధ్యాయురాలు ఆ కాగితమును చదివి, తీసివేయక, కడపటి పుటకు అతికించి పుస్తకమును మరల బీరువాలో నుంచెను.

ఇంటికడ తండ్రి నక్షత్రమును దింపి, గుడ్డ విప్పి, వెదురు చట్టమును అటుకపై పెట్టుచు, "వచ్చే యేడు ఆ పొట్టి కొనకు క్రొత్త బద్ద కట్టుదమా?" అని అడిగెను. అవ్వ మనుమనివైపు చూచెను.

"వద్దు బాపూ, అది అట్లే యుండనిమ్ము" అని వాడు చెప్పెను.